ప్రేమలో ‘నేను’ పెరుగుతుందా, తరుగుతుందా

బ్రేకప్ అయినవాళ్లని కదిపితే ముందు బాధ చెప్తారు, తర్వాత కోపం చెప్తారు, ఇంకాసేపు కూర్చుంటే మెల్లగా ఇంకో మాట బయటికొస్తుంది, "అసలు నేనెవరో నాకే అర్థం కావట్లేదు" అని. వినేవాళ్లు ఏదో బాధలో అంటున్నారులే అని సర్దిచెప్పి ఊరుకుంటారు. సైకాలజీలో కొంతమంది మాత్రం దీన్ని అలా వదిలెయ్యలేదు, దాదాపు 40 ఏళ్లుగా రకరకాలుగా కొలుస్తూ వచ్చారు, ఆ కొలతలన్నీ దగ్గర పెట్టుకుని చూస్తే ఆ మాట చాలావరకు అక్షరాలా నిజమే అని తేలుతుంది. దగ్గరి బంధంలో ఉన్నప్పుడు ‘నేను’ అనేది మారుతుంది, అవతలి మనిషి అందులోకి వచ్చి కలుస్తారు, వాళ్లు వెళ్లిపోతే ఆ కలిసిన భాగం కూడా ఊడి వెళ్లిపోతుంది.

అయితే చాలామందిలో ఉండే భయం ఇంకోటి. మరీ దగ్గరైపోతే మనల్ని మనం పోగొట్టుకుంటాం అని, అందుకే "కాస్త డిస్టెన్స్ మెయింటెయిన్ చెయ్యి" అనే సలహా ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. రీసెర్చ్ చూస్తే ఈ సలహా సగమే కరెక్ట్ అనిపిస్తుంది. ఎంత దగ్గరయ్యారు అన్నదానికన్నా, ఆ దగ్గరితనంలో మనలో ఏం చేరింది, ఏం రాలిపోయింది అన్నదే ఎక్కువ తేడా తెస్తోంది, పైగా ఈ చేరడం రాలడం చాలావరకు మనకి తెలియకుండానే జరుగుతోంది.

ఈ రీసెర్చ్‌కి పునాది వేసింది ఆర్థర్ ఆరన్, ఎలేన్ ఆరన్ అనే భార్యాభర్తలు. 1986లో వాళ్లు ప్రేమని ‘స్వీయ విస్తరణ’ అనే ఐడియాతో వివరించారు. అందులో ఉన్నవి రెండే మాటలు. ఒకటి, మనిషికి పెరగాలని ఉంటుంది, అంటే కొత్తవి తెలుసుకోవాలి, కొత్త పనులు చేతనవ్వాలి, ప్రపంచాన్ని ఇంకో కోణంలోంచి చూడగలగాలి అనే కోరిక లోపల పనిచేస్తూనే ఉంటుంది. రెండోది, అలా పెరగడానికి మనుషులకి దొరికే దారుల్లో దగ్గరి బంధం చాలా పెద్దది, ఎందుకంటే ఒక మనిషికి దగ్గరైతే వాళ్ల తెలివి, వాళ్ల పరిచయాలు, వాళ్లు చూసే చూపు, చివరికి వాళ్ల గుర్తింపు కూడా కొంత మనదైపోతుంది. ప్రేమలో పడ్డ కొత్తల్లో గంటలు గంటలు మాట్లాడుకున్నా తనివి తీరదు కదా, ఆ ఊపు ఎక్కడినుంచి వస్తుంది అన్నదానికి ఈ థియరీ ఇచ్చే జవాబు ఇదే, అప్పుడు పెరుగుదల చాలా వేగంగా జరుగుతుంటుంది, రోజూ ఏదో ఒకటి కొత్తగా మనలోకి వచ్చి చేరుతుంటుంది.

దీన్ని కొలవడం ఎలా? 1992లో ఆరన్ దంపతులు, డానీ స్మోలన్ కలిసి ఒక చిన్న స్కేల్ తయారుచేశారు, ఈ ఫీల్డ్‌లో ఇప్పటికీ చాలామంది వాడేది అదే. ఏడు బొమ్మలుంటాయి, ఒక్కో బొమ్మలో రెండు వృత్తాలు, ఒకటి ‘నేను’, ఇంకోటి అవతలి మనిషి. మొదటి బొమ్మలో రెండూ విడివిడిగా ఉంటాయి, పోనుపోను ఒకదాని మీదికి ఒకటి జరుగుతూ ఏడో బొమ్మకి వచ్చేసరికి దాదాపు ఒక్కటే అయిపోతాయి. మీ బంధం ఏ బొమ్మలా ఉందో చూపించండి అంటారు, అంతే. ఒక్క ప్రశ్నతో ఏం తెలుస్తుంది అని ఎవరికైనా అనుమానం రావచ్చు గానీ పేజీలకి పేజీలు ఉండే ప్రశ్నాపత్రాలు చెప్పేదానికీ దీనికీ బాగానే పొంతన కుదిరింది.

కానీ బొమ్మ చూపించడం అంటే మనిషి తన గురించి తాను చెప్పుకునే మాటే కదా, ప్రేమలో ఉన్నవాళ్లు "మేమిద్దరం ఒక్కటే" అనడంలో వింతేముంది. నిజంగా మెదడులో కూడా అలా కలిసిపోతుందా అన్నది అసలు ప్రశ్న. దీనికి అంతకుముందే 1991లో ఒక తెలివైన ప్రయోగం జరిగింది, పెళ్లయినవాళ్లతో చేశారు. ముందు కొన్ని లక్షణాల లిస్టు ఇచ్చి ఇవి మీకు ఎంతవరకు వర్తిస్తాయి, మీ భర్తకో భార్యకో ఎంతవరకు వర్తిస్తాయి అని విడిగా రాయించారు. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక్కో మాట స్క్రీన్ మీద వేసి, ఇది మీకు వర్తిస్తే ఒక బటన్, వర్తించకపోతే ఇంకో బటన్ వీలైనంత త్వరగా నొక్కమన్నారు. ఇక్కడ అడుగుతున్నది పూర్తిగా తన గురించే, పార్ట్‌నర్ ఊసే లేదు. అయినా ఏం జరిగిందంటే, ఇద్దరిలో ఒకరికే ఉన్న లక్షణం దగ్గరికి వచ్చేసరికి జవాబు ఆలస్యం అయ్యింది, తప్పులు కూడా ఎక్కువ వచ్చాయి. ఉదాహరణకి ఒకావిడ బాగా ఓపికస్తురాలు, ఆమె భర్తకి ఓపిక తక్కువ అనుకుందాం, ‘ఓపిక’ అనే మాట కనపడగానే ఆమె టక్కున ‘అవును’ నొక్కాలి, కానీ మెదడులో ఎక్కడో ఆయన ‘కాదు’ వచ్చి అడ్డం పడుతుంది, సెకనులో చిన్న భాగం తటపటాయిస్తుంది. ఇద్దరికీ ఉన్నవో ఇద్దరికీ లేనివో అయితే ఆ తటపటాయింపు లేదు. దగ్గరివాళ్లు కానివాళ్లతో పోల్చినప్పుడు కూడా ఈ ఎఫెక్ట్ అలా కనపడలేదు.

ఈ తటపటాయింపు చాలా ముఖ్యమైన విషయం, ఎందుకంటే దాన్ని ఎవరూ కావాలని నటించలేరు. తర్వాత 2003లో డెబ్రా మాషెక్, ఆరన్ బృందం జ్ఞాపకం మీద కూడా ఇలాంటిదే చూశారు, ఏ లక్షణాన్ని తమ గురించి చెప్పారో ఏది పార్ట్‌నర్ గురించి చెప్పారో తర్వాత గుర్తు చేసుకోమంటే, అంత దగ్గర కాని మనుషులతో పోలిస్తే దగ్గరివాళ్ల విషయంలో ఎక్కువ తికమక పడ్డారు. జోక్ ముందు ఎవరు చెప్పారు, ఆ ఐడియా అసలు ఎవరిది అని జంటలు వాదించుకుంటుంటాయి కదా, ఎవరూ అబద్ధం ఆడుతూ ఉండకపోవచ్చు.

ప్రేమలో పడితే మనిషి నిజంగా మారతాడా అన్నది తేల్చాలంటే ప్రేమలో పడకముందు నుంచే గమనించాలి, ఎవరు ఎప్పుడు పడతారో ముందే తెలియదు కాబట్టి ఇది కష్టమైన పని. ఆరన్ దంపతులు మెగ్ పారిస్‌తో కలిసి 1995లో ప్రచురించిన స్టడీలో దీనికి సులువైన మార్గం కనిపెట్టారు, 329 మంది స్టూడెంట్లని పది వారాల్లో ఐదుసార్లు "ఈరోజు మీరెవరు?" అని అడిగి తోచినవన్నీ రాయమన్నారు, మధ్యలో జీవితంలో ఏమేం జరిగాయో కూడా అడిగారు, అంతమందిలో కొందరు ఎలాగూ ప్రేమలో పడతారు కదా. పడ్డవాళ్ల జవాబుల్లో ఆ తర్వాత వైవిధ్యం పెరిగింది, తమ గురించి తాము అంతకుముందు రాయని రకాల విషయాలు రాయడం మొదలుపెట్టారు. 529 మందితో చేసిన రెండో స్టడీలో ఆత్మగౌరవం, ‘నేను చెయ్యగలను’ అనే నమ్మకం కూడా పెరిగినట్టు కనపడింది. కేవలం మంచి మూడ్‌లో ఉండటం వల్ల వచ్చిన మార్పా అని కూడా చెక్ చేశారు, మూడ్‌ని లెక్కలోంచి తీసేసినా మార్పు నిలబడింది.

ఇంకా ఆశ్చర్యం ఏంటంటే ఈ కలవడానికి బంధం మొదలవ్వాల్సిన అవసరం కూడా లేదు. ఎరికా స్లాటర్, వెండీ గార్డ్‌నర్ 2009లో చూపించింది అదే, ఎవరితోనైనా ప్రేమ కావాలని మనసులో ఉంటే చాలు, వాళ్లకి ఉన్న లక్షణాలు ‘నాకూ ఉన్నాయి’ అని మనుషులు చెప్పుకోవడం పెరుగుతుంది, అంతకుముందు తమకి అవి లేవు అన్నవాళ్లు కూడా. దీన్ని ఇంప్రెస్ చెయ్యడానికి వేసే వేషం అని కొట్టిపారెయ్యడం తేలికే గానీ, అవతలి మనిషి చూడని చోట కూడా అలాగే రాశారంటే అది ఎంతో కొంత తమకి తాము చెప్పుకున్నదే. ఇష్టమైన మనిషి వైపు ‘నేను’ ముందే ఒరుగుతుంది.

మరి ఏళ్లు గడిచాక ఏమవుతుంది? కొత్తగా చేరాల్సింది తగ్గిపోతుంది, అవతలి మనిషి ఏమంటారో ముందే తెలుస్తుంటుంది, అప్పుడొచ్చే బోర్‌ని ప్రేమ తగ్గడం అనుకుంటారు. ఆరన్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి చెప్పుకుని తీరాలి. జంటలని ల్యాబ్‌కి పిలిచి, ఇద్దరి చేతి మణికట్టుల్నీ చీలమండల్నీ పట్టీలతో కలిపి కట్టి, చేతులూ మోకాళ్ల మీద పాకుతూ మ్యాట్‌ల మీద అటు చివరికి వెళ్లి రమ్మన్నారు, పైగా ఇద్దరి మధ్యలో ఒక దిండుని చేత్తో గానీ పళ్లతో గానీ పట్టుకోకుండా ఒళ్లుతోనే నొక్కిపెట్టి కిందపడకుండా తీసుకెళ్లాలి, టైమ్ కూడా పెట్టారు. మొత్తం ఏడు నిమిషాలు. ఇంకో గుంపు జంటలకి మామూలు నెమ్మది పని, బంతిని దొర్లించడం లాంటిది. పాకినవాళ్లు ఆ తర్వాత తమ బంధం గురించి ఎక్కువ సంతృప్తిగా చెప్పారు, అంతేకాదు, ముందూ తర్వాతా రికార్డ్ చేసిన సంభాషణలని బయటివాళ్లు చూసి రేటింగ్ ఇస్తే వాళ్ల మాటల్లో కూడా తేడా కనపడింది. ఏడు నిమిషాల ఎఫెక్ట్ ఎన్నాళ్లు ఉంటుంది అన్నది వేరే సంగతి, కానీ మామూలు నెమ్మది పని వల్ల రాని కదలిక ఇద్దరికీ చేతకాని ఒక కొత్త పనిని కలిసి చెయ్యడం వల్ల వచ్చింది అంటే ఆలోచించాల్సిన విషయమే. ‘కలిసి టైమ్ గడపండి’ అనే సలహాలో లోపం కూడా ఇక్కడే దొరుకుతుంది, పక్కపక్కన కూర్చుని గడిపే టైమ్, ఇద్దరూ ఏదో ఒకటి కొత్తగా నేర్చుకుంటూ గడిపే టైమ్ ఒకటి కావు.

ఇంతవరకు చెప్పుకున్నది పెరగడం గురించి. అన్ని బంధాలూ మనిషిని పెంచవు, అది అందరికీ తెలుసు, కానీ చాలాకాలం రీసెర్చ్ పెరుగుదల వైపే చూస్తూ కూర్చుంది. 2014లో బ్రెంట్ మాటింగ్లీ, గ్యారీ లెవండోవ్‌స్కీ, కెవిన్ మెకింటైర్ దీన్ని సరిచేశారు, ఈ మొత్తం సబ్జెక్ట్‌లో మామూలు మనుషులకి అన్నిటికన్నా పనికొచ్చే చూపు ఇదే అనిపిస్తుంది. వాళ్లు అడిగింది రెండు ప్రశ్నలు: బంధం వల్ల నీలో ఏదైనా చేరిందా పోయిందా, ఆ చేరింది లేదా పోయింది మంచిదా చెడ్డదా. దాంతో నాలుగు దారులు ఏర్పడతాయి. మంచివి చేరడం అంటే ఆరన్ చెప్పిన విస్తరణే. చెడ్డవి పోవడం కూడా మేలే, దాన్ని వాళ్లు కత్తిరింపు అన్నారు, పార్ట్‌నర్ తోడుతో ఒకరు తాగుడు మానేస్తారు, ఇంకొకరికి ప్రతిదానికీ విసుక్కునే అలవాటు పోతుంది. చెడ్డవి చేరడం కల్తీ లాంటిది, అంతకుముందు ఎప్పుడూ లేని అనుమానం, అబద్ధాలు, పక్కవాళ్లని తక్కువచేసి మాట్లాడటం నెమ్మదిగా అంటుకుంటాయి. నాలుగోది మంచివి పోవడం, కుంచించుకుపోవడం.

ఈ నాలుగోది కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే ఇది జరిగేటప్పుడు గొడవ ఉండదు, ఎవరూ ఎవరినీ అడ్డుకున్నట్టు కూడా కనపడదు. బొమ్మలు వేసే అలవాటున్న మనిషి ఉందనుకోండి, పార్ట్‌నర్ ఎప్పుడూ వద్దనలేదు, కానీ ఒకసారి చూపిస్తే ఫోన్‌లోంచి తల ఎత్తకుండా బాగుంది అన్నారు, ఇంకోసారి "మళ్లీ కూర్చున్నావా" అన్నారు, మూడోసారి ఆమే చూపించలేదు, ఏడాది తిరిగేసరికి రంగులు డబ్బాలో ఎండిపోయాయి, అడిగితే "టైమ్ ఉండట్లేదు" అంటుంది, నిజంగా అలాగే నమ్ముతుంది కూడా. ఫ్రెండ్స్‌తో కూడా ఇలాగే, పిలిస్తే వెళ్లడం తగ్గుతుంది, తర్వాత పిలవడం తగ్గుతుంది. ఇక్కడ వృత్తాల బొమ్మ పెట్టి అడిగితే ఈ మనిషి ‘చాలా దగ్గర’ అనే బొమ్మే చూపించొచ్చు, అదే చిక్కు. దగ్గరితనం స్కేల్ మీద పూర్తి మార్కులు వచ్చే బంధంలో కూడా మనిషి లోపల చిన్నదైపోతూ ఉండొచ్చు. మాటింగ్లీ వాళ్ల స్టడీల్లో విస్తరణ, కత్తిరింపు ఉన్న చోట ప్రేమా సంతృప్తీ ఎక్కువగా, కుంచించుకుపోవడం, కల్తీ ఉన్న చోట తక్కువగా కనపడ్డాయి.

మరి ఒకరిని ఇంకొకరు మార్చొచ్చా? దీనికి 1999లో స్టీఫెన్ డ్రిగోటస్, కారిల్ రస్బల్ట్ బృందం ఇచ్చిన జవాబుకి ‘మైకెలాంజెలో ఫినామినన్’ అని పేరు. మైకెలాంజెలో ఇటలీకి చెందిన గొప్ప శిల్పి, శిల్పి రాయిని చెక్కి లోపల దాగున్న రూపాన్ని బయటికి తీస్తాడు అన్న భావన నుంచి ఆ పేరు పెట్టారు. ప్రతి మనిషికీ తను ఎలా అవ్వాలనుకుంటున్నారో ఒక ఊహ ఉంటుంది, పార్ట్‌నర్ ఆ ఊహని గుర్తుపట్టి, ఈ మనిషి ఆల్రెడీ కొంత అలాగే ఉన్నారన్నట్టు చూసి, అలా ఉండే అవకాశాలు కల్పిస్తూ పోతే నిజంగానే ఆ వైపు కదులుతారు, బంధం కూడా గట్టిపడుతుంది. నలుగురిలో మాట్లాడటానికి భయపడే మనిషి ఒక కబురు బాగా చెప్తారని పార్ట్‌నర్‌కి తెలుసు, అందరూ ఉన్నప్పుడు "ఆ రోజు జరిగింది నువ్వు చెప్పు, నువ్వు చెప్తేనే బాగుంటుంది" అని అందిస్తారు, అంత చిన్నవాటితోనే జరిగే పని ఇది.

ఇక్కడ ఒక షరతు ఉంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. చెక్కాల్సింది అవతలి మనిషి కోరుకున్న రూపాన్ని, చెక్కేవాళ్లు కోరుకున్న రూపాన్ని కాదు. పార్ట్‌నర్ మనసులో ఒక ఐడియల్ పెట్టుకుని దానికి తగ్గట్టు మనల్ని మలచబోతే, మనం ఎంత మారినా అది మనం కోరుకున్న వైపు కాదు కాబట్టి మేలు జరగదు. "నీ మంచికోసమే చెప్తున్నా" అనే మాట ఈ రెండు రకాల నోళ్లలోంచీ ఒకేలా వస్తుంది, అందుకే వినేవాళ్లకి తేడా పట్టుకోవడం కష్టం.

పార్ట్‌నర్ మనల్ని ఎలా చూడాలి, ఉన్నదానికన్నా గొప్పగానా, ఉన్నది ఉన్నట్టుగానా? దీని మీద రెండు గట్టి వాదాలు ఢీకొన్నాయి. శాండ్రా మరే, జాన్ హోమ్స్, డేల్ గ్రిఫిన్ 1996లో డేటింగ్‌లో ఉన్న జంటల్ని ఏడాది పాటు గమనించి, ఒకరినొకరు కాస్త గొప్ప చేసి చూసుకున్న జంటలు ఎక్కువ నిలబడ్డాయనీ, కాలం గడిచేకొద్దీ ఆ మనుషులు తమని తాము కూడా పార్ట్‌నర్ కళ్లతో చూసుకోవడం మొదలుపెట్టారనీ చూపించారు. ఇంకోవైపు విలియం స్వాన్ వాదన ఏంటంటే మనిషికి పొగడ్త కన్నా తన గురించి తనకున్న అభిప్రాయం నిజమే అన్న భరోసా కావాలి అని. 1994లో ఆయన బృందం చేసిన స్టడీలో డేటింగ్ జంటలు తమని గొప్పగా చూసిన పార్ట్‌నర్‌కే దగ్గరగా ఫీలయ్యారు, కానీ పెళ్లయినవాళ్లు తమ గురించి తాము అనుకునేదే పార్ట్‌నర్ కూడా అనుకున్నప్పుడు దగ్గరగా ఫీలయ్యారు, తమ మీద తమకి తక్కువ అభిప్రాయం ఉన్నవాళ్లయితే తమని మరీ గొప్పగా చూసే భర్తకో భార్యకో దూరంగా జరిగారు. వినడానికి బాధగా ఉన్న విషయమే. కానీ దానిలో అర్థం ఉంది, జీవితమంతా కలిసుండాల్సిన మనిషి మనల్ని తప్పుగా అర్థం చేసుకున్నారని అనిపిస్తే ఎప్పటికైనా అసలు సంగతి బయటపడుతుందనే భయంలో బతకాలి.

లీసా నెఫ్, బెంజమిన్ కార్నీ 2005లో కొత్తగా పెళ్లయినవాళ్ల మీద చేసిన పనితో ఈ చిక్కుముడి చాలావరకు విడిపోయింది. దాదాపు అందరు కొత్త దంపతులూ మొత్తం మీద "మా ఆయన చాలా మంచివాడు, మా ఆవిడ చాలా మంచిది" అనే అన్నారు, తేడా వచ్చింది వివరాల్లో, ఏ పని చేతనవుతుంది ఏది చేతకాదు, ఎక్కడ తడబడతారు అన్నది సరిగ్గా తెలిసి కూడా అంత గొప్పగా చూడగలుగుతున్నారా లేదా అని. భార్యలకి భర్త లోటుపాట్లు సరిగ్గా తెలిసిన చోట వాళ్లు ఎక్కువ అండగా నిలబడ్డారు, విడాకులయ్యే అవకాశం తక్కువగా కనపడింది. అంటే మొత్తం మనిషిని ఇష్టంగా, వివరాలని నిజంగా చూడటం. స్వాన్ మాటా మరే మాటా రెండూ అందులో ఇమిడిపోతాయి.

ఆత్మగౌరవం తక్కువున్నవాళ్ల సంగతి ఇంకాస్త బాధపెట్టేది. మరే, హోమ్స్ బృందం ఏళ్ల తరబడి చూసింది ఏంటంటే వీళ్లు పార్ట్‌నర్ తమని ఎంత ఇష్టపడుతున్నారో తక్కువ అంచనా వేస్తారు, నిజంగా దొరుకుతున్న ప్రేమ కూడా లోపలికి వెళ్లదు, పైగా చిన్న గొడవ వచ్చినా ఎక్కడ వదిలేస్తారో అని ముందే వెనక్కి తగ్గి తామే పార్ట్‌నర్‌ని తక్కువ చేసి చూడటం మొదలుపెడతారు. పొగిడితే సరిపోదా అంటే సరిపోదు, పొగడ్త విన్న మనసు వెంటనే "ఆ ఒక్కరోజు అలా జరిగింది అంతే" అని దాన్ని చిన్నది చేసేస్తుంది. 2007లో డెనిస్ మేరిగోల్డ్, హోమ్స్, మైకెల్ రాస్ ఈ ఒక్క చోట చెయ్యిపెట్టారు. పార్ట్‌నర్ ఎప్పుడో మెచ్చుకున్న ఒక సందర్భాన్ని గుర్తు చేసుకోమని, అక్కడ ఏం జరిగిందో కాకుండా, వాళ్లు ఎందుకు మెచ్చుకున్నారు, దాని అర్థం ఏంటి, మీ బంధానికి అది ఎందుకు ముఖ్యం అన్నది రాయమన్నారు. ప్రశ్న అడిగిన తీరులోనే ‘మెచ్చుకున్నారు, దానికి కారణం ఉంది’ అనేది ఒప్పేసుకున్నట్టు ఉంటుంది, తోసిపుచ్చడానికి సందు దొరకదు. ఆత్మగౌరవం తక్కువున్నవాళ్లు ఇలా రాశాక ఆ పొగడ్త గురించీ తమ గురించీ బంధం గురించీ ఎక్కువ భద్రంగా ఫీలయ్యారు, రెండు వారాల తర్వాత కూడా దాని ప్రభావం కనపడింది. ఏం జరిగిందో వివరంగా రాయించిన గుంపులో అలాంటిది లేదు. మనసు ఎక్కడ తలుపు వేసుకుంటుందో కచ్చితంగా కనిపెట్టి అక్కడే తట్టిన ప్రయోగం ఇది, ఈ ఫీల్డ్‌లో ఇంత చిన్న పనికి ఇంత ఫలితం అరుదు.

‘నేను’లో పార్ట్‌నర్ కలిసి ఉంటే వాళ్ల గెలుపు మన గెలుపు అవ్వాలి కదా, అన్నిసార్లూ అలా జరగదు. కేట్ రాట్లిఫ్, షిగెహిరో ఒయిషి 2013లో ఐదు ప్రయోగాల్లో 896 మందిని చూస్తే, పార్ట్‌నర్ సక్సెస్ గురించి ఆలోచించాక మగవాళ్ల లోపలి ఆత్మగౌరవం, అంటే నోటితో చెప్పేది కాకుండా వేగంగా చేసే టెస్టుల్లో బయటపడేది, పార్ట్‌నర్ ఫెయిలైనప్పటికన్నా తక్కువగా వచ్చింది, ఆడవాళ్లలో ఆ తేడా లేదు. నోటితో అడిగితే ఆ మగవాళ్లు అలాంటిదేమీ చెప్పలేదు. మనస్ఫూర్తిగా అభినందిస్తూనే లోపల ఎక్కడో పోల్చుకునే మనిషి ఉంటాడన్నమాట.

ఇప్పుడు మళ్లీ ఆ డిస్టెన్స్ సలహా దగ్గరికి వద్దాం. పార్ట్‌నర్ మీద ఆధారపడటం అలవాటైతే సొంతంగా నిలబడలేరు అనేది చాలామంది గట్టి నమ్మకం. బ్రూక్ ఫీనీ 2007లో దీన్ని జంటల్లో పరీక్షించింది, ఒక మనిషి అవసరాల్ని పార్ట్‌నర్ విసుక్కోకుండా ఆదుకున్నచోట ఆ మనిషి ఆరు నెలల తర్వాత ఎక్కువ స్వతంత్రంగా, సొంత లక్ష్యాల వైపు ఎక్కువ అడుగులు వేస్తూ కనపడ్డారు. పిలిస్తే వస్తారనే ధైర్యం ఉన్నవాళ్లకి మాటిమాటికీ పిలవాల్సిన అవసరం రాదు. ఇక ఎంత దగ్గరితనం సరైనది అన్న ప్రశ్నకి ఫ్రాస్ట్, ఫారెస్టర్ అనే ఇద్దరు 2013లో ఆ వృత్తాల బొమ్మలతోనే జవాబు వెతికారు, ఇప్పుడు మీరెంత దగ్గర, మీకు ఎంత దగ్గర కావాలి అని రెండుసార్లు బొమ్మ చూపించమన్నారు. రెండూ ఒకటైనవాళ్లు బాగున్నారు, వాళ్లు చూపించింది ఏ బొమ్మ అన్నది అంత ముఖ్యం కాలేదు. మరీ దగ్గరైపోయామని ఇబ్బంది పడేవాళ్లూ ఇంకా దూరంగానే ఉన్నామని బాధపడేవాళ్లూ ఇద్దరూ నలిగారు. ఒకే జంటలో ఒకరికి మూడో బొమ్మ చాలు, ఇంకొకరికి ఆరోది కావాలి అన్నప్పుడు ఏం చెయ్యాలన్నది మాత్రం ఏ స్కేలూ చెప్పదు, అది ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.

వీటిని చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఈ స్టడీల్లో ఎక్కువ భాగం ఉత్తర అమెరికా యూనివర్సిటీ స్టూడెంట్లతోనో అక్కడి జంటలతోనో జరిగినవి. అక్కడ ‘నేను’ అనేది విడిగా గిరి గీసుకున్న మనిషి. హేజెల్ మార్కస్, షినోబు కిటయామా 1991లోనే గట్టిగా చెప్పారు, ప్రపంచంలో చాలా చోట్ల మనుషులు తమని తాము మొదట్నుంచీ బంధాలలో భాగంగానే చూసుకుంటారని. అలాంటివాళ్లకి పార్ట్‌నర్ వచ్చి కలిసేది ఒంటరి ‘నేను’లో కాదు, అమ్మానాన్నలూ తోబుట్టువులూ ఆల్రెడీ కలిసి ఉన్న ‘నేను’లో, కాబట్టి రెండు వృత్తాల బొమ్మ వాళ్లకి చాలదు. ఇంకోటి, చాలా ఫలితాలు రెండు విషయాలు కలిసి కనపడుతున్నాయి అనే చెప్తాయి, ఏది దేనికి కారణం అన్నది ప్రయోగం చేసిన కొన్ని చోట్లే తేలింది.

ఇక విడిపోయినప్పటి సంగతి. తను ఎవరో మనిషికి ఎంత స్పష్టంగా తెలుసు అన్నది కొలిచే స్కేల్‌ని జెన్నిఫర్ క్యాంప్‌బెల్ బృందం 1996లో ఇచ్చింది, అందులో అడిగేది మీరు మంచివాళ్లా చెడ్డవాళ్లా అని కాదు, మీ గురించి మీకున్న అభిప్రాయాలు రోజుకోలా మారుతున్నాయా, ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నాయా అని. స్లాటర్, గార్డ్‌నర్, ఎలి ఫింకెల్ 2010లో మూడు స్టడీలు చేసి బ్రేకప్ తర్వాత ఈ స్పష్టత పడిపోతుందని చూపించారు, ఆన్‌లైన్‌లో మనుషులు రాసుకున్న డైరీల్లో కూడా అది కనపడింది, కాలేజీలో చేరిన స్టూడెంట్లని ఆరు నెలలు గమనించినప్పుడూ కనపడింది. బ్రేకప్ తర్వాత వచ్చే దుఃఖంలో కొంత భాగం నేరుగా ఈ స్పష్టత పోవడంతో ముడిపడి ఉంది, అంటే ఏడుపు పోయిన మనిషి కోసం ఒక్కటే కాదు, పోయిన తన భాగం కోసం కూడా. లెవండోవ్‌స్కీ, ఆరన్ వాళ్లు 2006లో చెప్పింది దీనికి సరిగ్గా అతుకుతుంది, మనిషిని బాగా పెంచిన బంధం పోతే ‘నేను’ ఎక్కువ కుంచించుకుపోతుంది. దీనికి రెండో వైపు కూడా ఉంది, 2007లో లెవండోవ్‌స్కీ, నికోల్ బిజోకో చూసినదాంట్లో పెద్దగా పెంచని బంధం ముగిసినవాళ్లు తమని తాము మళ్లీ దొరకబుచ్చుకున్నట్టు, ఎదిగినట్టు చెప్పారు. ఆ ఎండిపోయిన రంగులు మళ్లీ కొనుక్కునేది అప్పుడే.

తేరుకోవడం ఎలా అన్నదానికి గ్రేస్ లార్సన్, డేవిడ్ స్బారా 2015లో అనుకోని చోట ఒక ఆధారం చూపించారు. ఈమధ్యే విడిపోయిన 210 మందిని తీసుకుని, సగంమందిని తొమ్మిది వారాల్లో పలుమార్లు ల్యాబ్‌కి పిలిచి బ్రేకప్ గురించి మాట్లాడించారు, ప్రశ్నలు అడిగారు, మిగతావాళ్లతో మొదట్లో ఒకసారి చివర్లో ఒకసారి ఫారాలు నింపించారు. ఎవరికీ ఏ ట్రీట్‌మెంటూ ఇవ్వలేదు. అయినా పలుమార్లు వచ్చినవాళ్లు ‘నేనెవరు’ అన్నదాంట్లో ఎక్కువ తేరుకున్నారు, ఒంటరితనం కూడా తగ్గింది. ఇది చదివి అయితే మనసులో ఉన్నదంతా కాగితం మీద పెట్టేస్తే చాలు అనుకోవచ్చు, కానీ స్బారా బృందమే 2013లో విడిపోయిన 90 మంది పెద్దవాళ్లతో చేసిన ప్రయోగంలో దానికి అడ్డం తగిలే ఫలితం వచ్చింది. ఎందుకిలా జరిగింది, దీని అర్థం ఏంటి అని అప్పటికే తెగ తవ్వుకుంటున్నవాళ్లని లోపలి బాధంతా రాయమంటే నెలల తర్వాత వాళ్ల పరిస్థితి మిగతావాళ్లకన్నా బాగోలేదు, అదే రకం మనుషుల్లో బాధ ఊసు ఎత్తకుండా రోజంతా ఏమేం చేశారో, టైమ్ ఎలా గడిచిందో మాత్రమే రాసినవాళ్లు ఎక్కువ తేరుకున్నారు. పొద్దున్నే లేచి ఏం చేశాను, ఎవరిని కలిశాను, ఏ పని పూర్తిచేశాను అని రాసుకునే ఆ పేజీల్లో విడిపోయిన మనిషి ఊసు ఉండదు, అందులో ఉండేది రాస్తున్న మనిషి ఒక్కరే.